డాక్టరు షెవలియర్ జాక్సన్: అన్నవాహికలో దీపం వెలిగించిన వైద్యుడు

నోట పెట్టుకొన్న అన్నపు ముద్ద కంఠం దిగి కడుపు చేరేవరకు అది నడిచే దారిని గూర్చి సాధారణంగా ఎవరమూ తలచుకోము. ఆ దారి బాగున్నంత కాలం అది ఉన్నట్లే మనకు తెలియదు. చెడిన నాడు మాత్రం ఎంతటి ఐశ్వర్యవంతుడైనా గుక్కెడు నీటికి ముఖం వాచిపోతాడు. పెద్దవారిలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే ఈ మెత్తని కండరనాళానికి అన్నవాహిక అని పేరు. దానికి ముందువైపున శ్వాసనాళం, వెనుకవైపున వెన్నెముక, ప్రక్కగా గుండె నుండి బయలుదేరే మహాధమని ఉన్నాయి. కడుపునకు, ప్రేగులకు ఉన్న పైపొర రక్షణ దీనికి లేదు. అందువలన దీని గోడకు చిల్లి పడితే తిన్నదీ త్రాగినదీ రొమ్ములోనికి జారి చీము పట్టిస్తుంది. ఆ చిల్లి మానక, శ్వాసనాళంలోనికో, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరల నడుమకో దొంగదారిగా నిలిచిపోతే దానిని వైద్యులు ఫిస్టులా అంటారు. అట్టి రోగి త్రాగిన ప్రతి గుక్క నీరూ ఊపిరికి అడ్డుపడుతుంది.

ఈ దొంగదారిని మూయడానికి పూర్వం రొమ్మును కోసి తెరవడం తప్ప మార్గాంతరం లేకపోయింది. నేడు అనేక సందర్భాలలో నోటిగుండా సన్నని గొట్టం దింపి, దాని కొనన ఉన్న వెలుగులో చూస్తూ, లోపలి నుండే మూసివేయగలుగుతున్నారు. ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు, ఒక్కరి వలన పుట్టినదీ కాదు. కాని జీవించి ఉన్న మనిషి అన్నవాహికలోనికి నిరపాయంగా దిగి చూడవచ్చునని లోకానికి నేర్పిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశస్థుడు డాక్టరు షెవలియర్ జాక్సన్. మేము వైద్యులం కాము, భాషాబోధకులం. అయినను ఆయన జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచడానికి పూనుకోవడానికి కారణం ఉన్నది. ఆయన గొప్పతనం సాధనంలో కంటె చేతి నెమ్మదిలోను, వ్యాధిని కుదర్చడంలో కంటె దానిని రానీయకుండా చేయడంలోను ఎక్కువగా ఉన్నదని మా విశ్వాసం. ఆ రెండు గుణాలూ ఏ వృత్తివారికైనా అవసరమే.

పూర్వరంగం

కంఠంలో ఇరుక్కొన్న వస్తువును బయటికి తీయవలెననే ఆలోచన మిక్కిలి ప్రాచీనమైనది. పదవ శతాబ్దంలో అందలూసియాలోని కార్డోవా ప్రాంతంలో జీవించిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన శస్త్రవైద్య గ్రంథంలో ఇందుకొక ఉపాయం వివరించాడు. స్పాంజి ముక్కను దారానికి కట్టి రోగిచేత మ్రింగించి, అది ఉబ్బిన తరువాత పైకి లాగితే గుచ్చుకొన్న ముల్లు దానితో వచ్చునని ఆయన చెప్పిన పద్ధతి. అయితే అదంతా కన్నులు మూసుకొని చేసే పనియే. లోపల ఏమున్నదో చూచే మార్గం ఆ తరువాత ఎన్నో శతాబ్దాల వరకు దొరకలేదు. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గు నగరంలో అడాల్ఫ్ కుస్మౌల్ అనే వైద్యుడు కత్తులు మ్రింగే గారడీవాని గొంతులోనికి లోహపు గొట్టాన్ని దింపి చూపించాడు. గొట్టం దిగింది గాని లోపల చాలినంత వెలుతురు లేదు. మనిషి గొంతు తిన్నని గొట్టానికి దారి ఇస్తుందని మాత్రం ఆ ప్రయోగం వలన రుజువైంది.

బాల్యం

షెవలియర్ జాక్సన్ 1865 నవంబరు 4వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గు నగరంలో జన్మించాడు. బొగ్గుగనులకు, ఇనుప కర్మాగారాలకు పేరుపడిన ప్రాంతమది. బాలుడు పొట్టివాడు, బలహీనుడు, మితభాషి. బొమ్మలు గీయడం, చెక్కతో లోహంతో చిన్న చిన్న వస్తువులు చేయడం అతనికి ప్రీతి. ఇట్టి పిల్లవాడు మొరటు సహపాఠులకు ఆటవస్తువు కావడంలో ఆశ్చర్యం లేదు. బడికి పోయివచ్చే దారిలో వారు పెట్టిన బాధలు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి వారు అతని కళ్ళకు గంతలు కట్టి, పాడుపడిన బొగ్గుగనిలో పడవేసి పోయారు. స్పృహ తప్పి చీకటిలో పడి ఉన్న బాలుణ్ణి ఒక కుక్క కనిపెట్టడం వలన ప్రాణం దక్కింది.

ఇంతటి బాధ పడినవారు కొందరు లోకం మీద కక్ష పెంచుకొంటారు. జాక్సన్ విషయంలో అట్లా జరగలేదు. నోరెత్తి చెప్పుకోలేని ప్రాణి బాధ ఎట్టిదో అతనికి చిన్ననాడే బోధపడింది. బరువు లాగలేక దెబ్బలు తినే బండిగుర్రాలను చూచి అతడు విలవిలలాడేవాడట. పెద్దవాడైన తరువాత అతని వద్దకు వచ్చిన రోగులలో అనేకులు పసిపిల్లలే కావడం గమనింపదగిన విషయం.

విద్యాభ్యాసం

పిట్స్‌బర్గులో చదువు ముగించి జాక్సన్ ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో చేరాడు. ఇంటి నుండి ధనం వచ్చే స్థితి లేదు. గాజు, పింగాణి పాత్రల మీద చిత్రాలు వేసి, వైద్యగ్రంథాలు అమ్మి రుసుములకు కావలసిన సొమ్ము సంపాదించుకొన్నాడు. పొట్టకూటికై కుంచె పట్టిన ఆ వేళ్ళే తరువాత సన్నని పట్టకారులను నడిపించాయి. 1886లో పట్టం పుచ్చుకొన్న పిమ్మట, కంఠవ్యాధుల చికిత్సలో ప్రఖ్యాతుడైన మోరెల్ మెకంజీని దర్శించుటకై లండను వెళ్ళాడు. అన్నవాహికను చూచుటకు మెకంజీ కల్పించిన సాధనాన్ని అక్కడ చూచి, అది ఆచరణకు పనికిరానిదని గ్రహించాడు. ఇంతకంటె మేలైనది చేయవలెనన్న సంకల్పంతో స్వస్థలం చేరి, కంఠవైద్యుడుగా వృత్తి ప్రారంభించాడు.

దీపం గల గొట్టం

1890లో జాక్సన్ తన తొలి ఈసోఫాగోస్కోపును, అనగా అన్నవాహికాదర్శినిని తయారు చేశాడు. దానితో ఒక పెద్దమనిషి గొంతులో చిక్కుకొన్న కట్టుడుపళ్ళను, ఒక బిడ్డ గొంతులోని నాణేన్ని బయటికి తీశాడు. వార్త వ్యాపించింది. ఇతర వైద్యులు కూడ అట్టి గొట్టాన్ని సంపాదించి ప్రయోగించారు. ఫలితం దారుణం. శిక్షణ లేని చేతులలో ఆ గొట్టమే అన్నవాహికను చీల్చింది. రోగులు మరణించారు.

పెన్సిలిన్ వంటి మందులు లేని కాలమది. అన్నవాహికకు చిల్లి పడితే చీము రొమ్మంతా వ్యాపించి మనిషి దక్కడం అరుదు. తాను కల్పించిన సాధనం తన చేతిలో ప్రాణదాతగాను, పరుల చేతిలో ప్రాణాంతకంగాను పరిణమించడం చూచి జాక్సన్ ఎంతో కుమిలిపోయాడు. కీర్తి కోరిన వాడైతే తప్పు వారిదని చేతులు దులుపుకొనేవాడు. ఆయన అట్లా చేయలేదు. సాధనాన్ని ప్రచారం చేయడం మాని, దానిని నిరపాయంగా నడపే పద్ధతిని కనిపెట్టడానికి ఏళ్ళ తరబడి శ్రమించాడు. ఆయన జీవితంలో ఇదే కీలక ఘట్టమని మాకు తోస్తున్నది.

ఇంతలో ఫ్రైబుర్గులోనే గుస్తావ్ కిలియన్ 1897లో ఒక రైతు శ్వాసనాళంలో చిక్కిన ఎముకను గొట్టంగుండా తీసి, శ్వాసమార్గంలోనికీ దిగవచ్చునని చూపాడు. జాక్సన్ ఈ రెండు మార్గాలకూ పనికివచ్చే సాధనాలను సిద్ధం చేశాడు. దీపాన్ని వెలుపల ఉంచి కాంతిని లోనికి పంపడానికి బదులు, గొట్టం కొననే అతి చిన్న విద్యుద్దీపాన్ని అమర్చాడు. చీకటి ఎక్కడ ఉన్నదో వెలుగు అక్కడికే వెళ్ళింది. 1907లో శ్వాసనాళ, అన్నవాహిక, జఠరములను గొట్టంతో దర్శించే విధానంపై గ్రంథం వెలువరించాడు. ఈ విద్యకు అది తొలి పాఠ్యగ్రంథాలలో ఒకటి. అందులోని బొమ్మలు కూడ ఆయన స్వహస్తంతో వేసినవే.

ఆయన పద్ధతిలోని నియమాలు కఠినమైనవి. బలం ఉపయోగింపరాదు. కంటికి కనపడని దానిని పట్టరాదు. రోగి లోపల ఏ వస్తువున్నదో ఎక్స్‌రే ద్వారా తెలిసికొని, అటువంటి వస్తువునే మరొకటి సంపాదించి, రబ్బరు గొట్టంలో పెట్టి, దానిని ఎట్లు పట్టవలెనో, ఎట్లు త్రిప్పవలెనో సాధన చేసిన మీదటనే రోగిని ముట్టుకోవలెను. ఉదాహరణకు, నోరు తెరచుకొన్న పిన్నీసు మొన పైకి ఉండి గొంతులో గుచ్చుకొన్నదనుకొందాం. దానిని ఉన్నది ఉన్నట్లు లాగితే గోడ చీరుకుపోతుంది. అందుకు జాక్సన్ ప్రత్యేకమైన పట్టకారులు కల్పించి, పిన్నీసును లోపలనే మూసి బయటికి తెచ్చేవాడు. అది సాధ్యం కానప్పుడు దానిని మెల్లగా కడుపులోనికి దింపి, అక్కడ త్రిప్పి, మొన వెనుకబడేటట్లు చేసి తీసేవాడు. ఈ పనులలో చాలభాగం మత్తుమందు లేకుండానే జరిగేవంటే ఆ చేతి నెమ్మది ఎట్టిదో ఊహించుకొనవచ్చును. తాను చికిత్స చేసిన ఇట్టి రోగులలో నూటికి 95 మందికి పైగా బ్రతికారని ప్రసిద్ధి.

కాస్టిక్ సోడాపై సమరం

ఆనాటి అమెరికాలో కాస్టిక్ సోడా ప్రతి వంటింటిలోను ఉండేది. సబ్బు చేసుకొనడానికి, మురుగుగొట్టాలు శుభ్రపరచడానికి దానిని వాడేవారు. డబ్బా మీద విషమనే హెచ్చరిక ఉండేది కాదు. చూపునకు పంచదారవలె ఉండటం వలన పసిపిల్లలు నోట వేసుకొనేవారు. చావక మిగిలిన బిడ్డకు అన్నవాహిక కాలి, మానేటప్పుడు మచ్చకట్టి, ముడుచుకొని, సూదిబెజ్జమంత మిగిలేది. తుదకు నీరు కూడ దిగేది కాదు. ఆ బిడ్డలు కండ్ల ముందు ఎండిపోయేవారు.

అట్టి స్థితిలో ఏడేళ్ళ ప్రాయపు ఒక పేద బాలికను జాక్సన్ వద్దకు తెచ్చారు. వారం రోజులుగా ఆమె గొంతులో నీటిచుక్క దిగలేదు. జాక్సన్ గొట్టం దింపి చూచి, ముడుచుకొన్న చోట అడ్డుపడి ఉన్న చిన్న ముద్దను పట్టకారుతో తొలగించాడు. బిడ్డకు గ్లాసుతో నీరిచ్చారు. మరల ఊపిరికి అడ్డుపడుతుందనే భయంతో ఆమె చిన్న గుక్క త్రాగింది. అది దిగింది. ఇంకొక గుక్క త్రాగింది. అదీ దిగింది. ఆ పిల్ల చేతిలోని గ్లాసును మెల్లగా ప్రక్కకు పెట్టి, వైద్యుని చేయి పట్టుకొని ముద్దు పెట్టుకొన్నది. లోకంలోని సన్మానాలన్నీ పొందిన జాక్సన్ ఈ సంఘటనను ముసలితనం వరకు మరువలేదు.

అయినా ఆయన అంతటితో తృప్తిపడలేదు. ఒక్క బిడ్డ గొంతును నెలల తరబడి వెడల్పు చేస్తూ ఉంటే, ఆ లోపల ఇంకెందరో బిడ్డలు అదే డబ్బాను తెరుస్తున్నారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనే ఈ వైద్యం ఎన్నాళ్ళని ఆయన తర్కించుకొన్నాడు. డబ్బాలపై విషమని ముద్రింపవలెనని, విరుగుడు తెలుపవలెనని ఆయన ఏళ్ళ తరబడి ప్రచారం సాగించాడు. వైద్యసంఘాలలో ఉపన్యసించాడు, శాసనసభ్యులను ఆశ్రయించాడు. వ్యాపారుల ప్రతికూలత, ప్రభుత్వాల ఉదాసీనత ఆయన ఓర్పును జయింపలేకపోయాయి. తుదకు 1927 మార్చి 4వ తేదీన అధ్యక్షుడు కూలిడ్జ్ కాస్టిక్ విషపదార్థాల శాసనంపై సంతకం చేశాడు. 12 రకాల దాహక పదార్థాల సీసాలపై, డబ్బాలపై విషమనే మాట స్పష్టంగా అచ్చువేయడం దానితో విధి అయినది. ఒక మాట అచ్చు కావడం వలన ఎన్ని కంఠాలు నిలిచాయో ఎవరు లెక్కింపగలరు? అక్షరం విలువ తెలియగోరే విద్యార్థులకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

బోధన, సేకరణ

1916లో జాక్సన్ తాను చదివిన జెఫర్సన్ కళాశాలకే ఆచార్యుడుగా వచ్చాడు. క్రమంగా ఫిలడెల్ఫియా నగరంలోని పలు వైద్య విద్యాలయాలు ఆయనను ఏకకాలంలో ఆచార్యపదవులతో గౌరవించాయి. 1917లో ఈ శాఖకు చెందిన వైద్యుల సంఘాన్ని అమెరికాలో నెలకొల్పాడు. రంగురంగుల సుద్దలతో నల్లబల్లపై రెండు చేతులతోను బొమ్మలు గీస్తూ ఆయన చేసే పాఠం విద్యార్థులకు కనులపండువుగా ఉండేది. స్త్రీలకు వైద్యవిద్య అబ్బదని అనేకులు వాదించే దినాలలో ఆయన వారి పక్షం వహించి, 1935 నుండి 1941 వరకు పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేశాడు.

రోగుల గొంతుల నుండి, ఊపిరితిత్తుల నుండి తీసిన ప్రతి వస్తువును ఆయన భద్రపరచేవాడు. అడిగినవారికి కూడ తిరిగి ఇచ్చేవాడు కాదు. పిన్నీసులు, గుండీలు, నాణేలు, ఎముకలు, మేకులు, కట్టుడుపళ్ళు, ఒక తాళంకప్ప వీటిలో ఉన్నాయి. 1924లో ఆయన ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ ప్రదర్శనశాలకు సమర్పించిన ఈ సేకరణలో 2,374 వస్తువులున్నాయి. చూడవచ్చేవారికి అది వింతగా కనబడవచ్చును. జాక్సన్‌కు మాత్రం అది పాఠ్యపుస్తకం. ఏ వస్తువు ఎక్కడ ఇరుక్కొన్నదో, ఎట్లు వచ్చినదో వివరంగా వ్రాసి ఉంచి, రాబోయే వైద్యుల కొరకు నిలిపిపోయాడు.

ఇంత పని చేసిన వ్యక్తి ఆరోగ్యవంతుడు కాడు. 1911లో ఆయనకు క్షయ సోకింది. మరి రెండు పర్యాయాలు అది తిరగబెట్టింది. మంచం పట్టిన నెలలను కూడ ఆయన వ్యర్థం చేయక గ్రంథరచనకు వినియోగించాడు. మద్యం ముట్టలేదు. మితాహారి. చేతులే తన ఆస్తి అని ఎంచి వాటిని అతి జాగ్రత్తగా కాపాడుకొనేవాడు. 1938లో స్వీయచరిత్ర ప్రకటించాడు. కుమారుడు కూడ తండ్రి విద్యనే అభ్యసించి పేరుపొందాడు. ఫిలడెల్ఫియాకు దూరంగా, ఒక పాత మరమిల్లు ప్రక్కన చిత్రలేఖనంతో ప్రశాంతంగా శేషజీవితం గడిపి, 1958 ఆగస్టు 16వ తేదీన తన 92వ యేట జాక్సన్ కన్నుమూశాడు.

ఆయన దారి నేడు

ఆయన మరణానికి ఒక్క సంవత్సరం ముందు, అనగా 1957లో, బేసిల్ హిర్షోవిట్జ్ గాజుతంతువులతో చేసిన వంగెడు గొట్టాన్ని మిషిగన్‌లో తొలిసారి ప్రయోగించాడు. నాటి నుండి చూచుటకు మాత్రమే గాక, లోపలి నుండి బాగుచేయడానికీ మార్గం సుగమమైంది. పుట్టుకతోనే అన్నవాహిక తెగి, శ్వాసనాళంతో కలిసి ఉండే బిడ్డలకు మాత్రం నేటికీ శస్త్రచికిత్సయే ముఖ్యాధారం. 1941లో మిషిగన్‌లోనే కామెరాన్ హైట్ ఒకే శస్త్రచికిత్సలో ఆ రెంటినీ వేరుచేసి, తెగిన కొనలు కలిపి బిడ్డను బ్రతికించాడు. తరువాతి కాలంలో ఆ చోట సన్నని ఫిస్టులా మరల ఏర్పడితే, కొన్ని సందర్భాలలో గొట్టంగుండా దాని లోపలి పొరను కాల్చి, జిగురువంటి ఔషధంతో పూడ్చుతున్నారు.

పెద్దలలో పుండు వలననో, చిల్లి వలననో, శస్త్రచికిత్స పిమ్మట కుట్టు విడిపోవడం వలననో కలిగే ఫిస్టులాలకు ఉపాయాలు పలువిధాలు. తనంత తానే విచ్చుకొనే లోహపు జాలిగొట్టాన్ని లోపల పరచి చిల్లిని కప్పడం ఒకటి. స్టెంటు అనబడే ఈ గొట్టం క్యాన్సరు రోగికి మరల అన్నం మ్రింగే భాగ్యం ప్రసాదిస్తున్నది. ఎలుగుబంటి పట్టువంటి చిన్న క్లిప్పుతో చిల్లి అంచులను బిగించడం మరొకటి. చిల్లిలో స్పాంజి ముక్కను ఉంచి, దానికి తగిలించిన గొట్టంద్వారా నిరంతరం చీమును పీల్చుతూ, మూడు నాలుగు రోజులకొకసారి మార్చుతూ, లోపల కండ పెరిగేటట్లు చేయడం ఇంకొకటి. అల్ జహ్రావీ దారానికి కట్టిన స్పాంజి వేయేళ్ళ తరువాత వేరొక రూపంలో అదే కంఠాన్ని దిగడం చరిత్రలోని చమత్కారం. పాతబడి లోపల చర్మం కట్టిన ఫిస్టులాలు సులభంగా మూసుకోవు. స్టెంటు జారిపోవడమూ కద్దు. కనుక ఏ రోగికి ఏది తగునో నిర్ణయించే వివేకమే నేటికీ ప్రధానం. మన హైదరాబాదు నగరం కూడ ఎండోస్కోపీ చికిత్సలో ప్రపంచఖ్యాతి గడించడం తెలుగువారందరికీ గర్వకారణం.

అయితే జాక్సన్ పోరాడిన శత్రువు చావలేదు, వేషం మార్చింది. బొమ్మలలో, గడియారాలలో, రిమోట్లలో ఉండే గుండీవంటి బ్యాటరీని పసిబిడ్డ మ్రింగితే, అది అన్నవాహికలో ఇరుక్కొని, చుట్టూ ఉన్న తడిలో విద్యుత్తు ప్రవహింపజేసి, అక్కడికక్కడ క్షారం పుట్టిస్తుంది. రెండు గంటలలోనే గోడ కాలవచ్చును. బ్యాటరీ తీసిన కొన్ని దినాలకు, వారాలకు కూడ శ్వాసనాళంలోనికి ఫిస్టులా ఏర్పడవచ్చును. జాక్సన్ నాటి వంటింటి కాస్టిక్ సోడాకు నేటి ఈ క్షారం సోదరుడే. ఇక మన ఇండ్లలో మరుగుదొడ్డి కడిగే యాసిడును శీతలపానీయపు ఖాళీ సీసాలో పోసి మూలన పెట్టే అలవాటు ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు. దాహంతో వచ్చిన బిడ్డకు ఆ సీసా ఎట్లు కనబడునో ఆలోచించండి.

మా విద్యార్థులలో కొందరు రేపు వైద్యులు కావచ్చును. వారు జాక్సన్ చేతి నెమ్మదిని ఆదర్శంగా తీసికొందురు గాక. తక్కినవారు వైద్యులు కానక్కరలేదు. ఈనాటి సాయంత్రమే ఇంటికి పోయి, యాసిడు సీసాకు చీటీ అంటించి పిల్లలకు అందని ఎత్తున పెట్టినచో, బ్యాటరీ పెట్టెకు మరమేకు బిగించినచో, ఆ మహావైద్యుడు జీవితమంతా చేసిన పనిలో వారు కూడ భాగస్వాములే. ఇంతకంటె ఆయన స్మృతికి మనం సమర్పింపగల నివాళి లేదని మనవి చేస్తున్నాము.